డ్యూక్ కహనమోకు

పసిఫిక్ మహాసముద్రములోని హవాయి దీవులలో, హొనొలూలూ నగరమున, 1890వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన డ్యూక్ కహనమోకు జన్మించెను. తమ్ములు 5గురును, చెల్లెండ్రు 3గురును అతనితోడ వైకీకీ తీరమున పెరిగిరి. ఆ ఇంటి పిల్లలకు సముద్రమే ఆటస్థలము. కఱ్ఱపలకపై నిలిచి, అలలమీద జాఱుచు ఒడ్డు చేరుట ఆ దీవులవారికి తాతముత్తాతలనాటి క్రీడ. నేడు కుటుంబములవారు తెడ్డు చేతబూని పలకపై నిలిచి విహరించుటయు దీనినుండియే పుట్టినది.

డ్యూక్ అమెరికా పక్షమున 1912లో స్టాక్‌హోమ్‌లోను, 1920లో ఆంట్వెర్ప్‌లోను ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల ఈతపందెము గెలిచెను. 1924లో పారిస్‌లో అతడు రెండవవాడు. తమ్ముడు శామ్యూల్ మూడవవాడు. అన్నదమ్ములొకే పందెమున పతకములు గొనుట అరుదే కదా!

అయినను ఈ పతకములకంటె గొప్పది మరుసటి యేటి సాహసము. 1925 జూన్ 14వ తేదీన కాలిఫోర్నియాలోని కరోనా డెల్ మార్ తీరమున డ్యూక్ మిత్రులతో నుండెను. థెల్మా అను చేపల పడవ పెద్ద అలల తాకిడికి బోల్తాపడెను. అందలి 17 మంది నీటిపాలైరి. అట్టి అలలలో ఎంతటి ఈతగానికైనను ఒక్కనిని ఒడ్డు చేర్చుటయే కష్టము. పలకయో మునుగదు, మునుగుచున్నవారు దానిని పట్టుకొని తేలియుండగలరు. డ్యూక్ పలకపై బోరగిలపడి, చేతులతో నీటిని త్రోయుచు ఆ నురుగులలోనికి చొచ్చెను. అలసినను ఆగక, మరల మరల పోయి 8 మందిని తెచ్చెను. అతని మిత్రులు మఱి 4గురిని రక్షించిరి. 5గురు మాత్రము దక్కలేదు.

తరువాత తీరరక్షకులు ప్రాణరక్షణకు పలకను వాడుట అలవరచుకొనిరి. డ్యూక్ 1968 జనవరి 22వ తేదీన మరణించెను. అతని భస్మమును వైకీకీ జలములలో కలిపిరి.