వట్టిచేతులతో వచ్చిన జీవకుడు

రాజగృహంలో చేటలో పెట్టి చెత్తకుప్పపై పారవేసిన పసికందు అతడు. కాకులు మూగిన చోట ఆగిన రాజకుమారుడు అభయుడు, బిడ్డ బతికే ఉన్నాడని తెలిసి ఇంటికి చేర్చి పెంచాడు. జీవించి ఉన్నాడు కనుకనే జీవకుడన్న పేరు వచ్చింది.

విద్య లేనిదే రాజగృహాలను ఆశ్రయించి బతకడం కష్టమని గ్రహించి, అభయుడికి చెప్పకుండానే తక్షశిల చేరాడు. ఏడేళ్లు గడిచినా వైద్యవిద్యకు అంతు కనబడలేదు. గురువును అడిగితే, పలుగు పట్టుకుని ఊరి చుట్టూ యోజనం మేర తిరిగి, మందుకు పనికిరానిది ఏదైనా తెమ్మన్నాడు. జీవకుడు అంతా గాలించి వట్టిచేతులతో వచ్చాడు. పరీక్షలో నెగ్గినట్టే! గురువు కొద్దిపాటి దారిబత్తెం ఇచ్చి పంపాడు. అది సాకేతంలోనే అయిపోయింది.

అక్కడ ఏడేళ్ల తలనొప్పితో బాధపడుతున్న శ్రేష్ఠి భార్యకు, మందులు వేసి కాచిన నేతిని ముక్కులో పోసి నయం చేశాడు. ఆ ఇంటివారు ఇచ్చిన 16,000 కార్షాపణాలనూ తెచ్చి అభయుడి ముందు పెట్టాడు. పెంచిన చేయి ఆ సొమ్మును ముట్టలేదు.

తరువాత మగధరాజు బింబిసారుడి వంతు వచ్చింది. భగందరంతో వస్త్రాలకు నెత్తురంటి, అంతఃపురంలోనే నవ్వులపాలైన రాజు ఆయన. జీవకుడు గోటికొసన తెచ్చిన లేపనం ఒక్కసారి పూస్తే వ్యాధి పోయిందని వినయపిటకం చెబుతుంది. ఒక్క పూతకేనా అన్న సందేహం నేటి వైద్యులకు రాక మానదు. ఆ లేపనంలోని మూలికల పేర్లను మాత్రం గ్రంథం చెప్పదు.

ఆపై జీవకుడు బుద్ధుడికీ వైద్యుడయ్యాడు. అతడు భిక్షుసంఘానికి ఇచ్చిన మామిడితోటగా గుర్తించిన చోట, బిహార్‌లోని రాజగిర్‌లో, రాతి పునాదులు నేటికీ కనిపిస్తాయి.