బ్రూస్ లీ

బ్రూస్ లీ 1940లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. హాంగ్‌కాంగులో పెరిగి, ఇప్ మాన్ అను గురువునొద్ద చైనా యుద్ధవిద్యను అభ్యసించెను. 18వ యేట అమెరికాకు మరలివచ్చి, ఆ విద్యనే బోధింపసాగెను. శిష్యులు కొలదిమందియే.

1966లో ‘ది గ్రీన్ హార్నెట్’ అను టెలివిజన్ ధారావాహికలో అతడు కేటో అను సేవకుని పాత్రను ధరించెను. కథానాయకుడు వేరొకడు, బాలుర కన్నులు మాత్రము కేటోపైననే! అతని దెబ్బల వేగము కెమెరాకు అందకపోవుటచే, అతడు మెల్లగా కొట్టవలసివచ్చెనట. హాంగ్‌కాంగు ప్రజలు ఆ ధారావాహికను కేటో పేరిటనే పిలిచిరి. 26 భాగములతో అది 1967లో ముగిసెను.

అంతట కొందరు వర్తకులు కేటో పేరుతో దేశమంతట శిక్షణశాలలు తెరువుమని అతనిని కోరిరి. ఆలుబిడ్డలు గలవాడు, ధనమవసరమే. అయినను అతడు సమ్మతింపలేదు. ఒక్కొక్క శిష్యుని దగ్గరనుండి దిద్దనిచో విద్య చెడునని అతని నమ్మకము. ఆ యేడే లాస్ ఏంజిల్స్‌లో తెరచిన తన శాలకు పేరుపలకయైనను పెట్టలేదు.

1973 జూలై 20న, 32 ఏండ్ల ప్రాయమున, అతడు హాంగ్‌కాంగులో మరణించెను. మరునెలలో అతని చిత్రము ‘ఎంటర్ ది డ్రాగన్’ అమెరికాలో విడుదలయ్యెను. దానిని చూచిన యువకులు కుంగ్‌ఫూ నేర్పువారిని వెదకుచు బయలుదేరిరి. లీ తన శాలలను 1970లోనే మూసివేసియుండెను.