సూరి భగవంతం

బురదనీటిని తేర్చడానికి వాడే పటిక అందరికీ తెలిసినదే. పటిక ఒక స్ఫటికం. అందులో కోటానుకోట్ల పరమాణువులు ఒక క్రమంలో బారులు తీరి ఉంటాయి. విడిగా ఏ పరమాణువుకూ లేని గుణాలు ఆ కూర్పు వల్ల స్ఫటికానికి వస్తాయి. ఆ కూర్పును బట్టి స్ఫటికాల గుణాలను లెక్కకట్టిన శాస్త్రవేత్తలలో మన తెలుగువారైన సూరి భగవంతం ఒకరు.

ఆయన 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి 1928లో పట్టభద్రులయ్యారు. రామన్ ఫలితం వెలువడినది ఆ ఏడాదే. ఇరవై ఏళ్లయినా నిండకుండానే ఆయన కలకత్తా వెళ్లి సి.వి. రామన్ వద్ద పరిశోధన ప్రారంభించారు. తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు.

పారదర్శకమైన స్ఫటికాన్ని గట్టిగా నొక్కితే దానిలో కాంతి నడిచే తీరు మారుతుంది. ఎంత మారేదీ తెలిపే సంఖ్యలను స్థిరాంకాలంటారు. ఏ రకం స్ఫటికానికి ఎన్ని స్థిరాంకాలు ఉండాలో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాకెల్స్ ఒక పట్టిక తయారుచేశాడు. సుమారు యాభై ఏళ్లు అందరూ దానినే ప్రమాణంగా తీసుకున్నారు. స్ఫటికాలు మొత్తం 32 తరగతులు. భగవంతం సమూహ సిద్ధాంతమనే గణితంతో ఆ లెక్కను మొదటినుంచి తిరిగి చేశారు. కొన్ని తరగతులలో పాకెల్స్ లెక్క తప్పని తేలింది. ఘనాకార స్ఫటికాలన్నింటికీ మూడే స్థిరాంకాలని పాకెల్స్ చెప్పాడు. కాని పటిక వంటి వాటిలో ఘనాన్ని పావు చుట్టు తిప్పితే పైరూపం మారకపోయినా లోపలి అమరిక మారుతుంది. కనుక వాటికి నాలుగు స్థిరాంకాలు ఉండాలి. జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేసిన 1942లోనే ఆయన ఈ సంగతి ప్రకటించారు.

పేరుపొందిన పట్టికను కాగితం మీది లెక్కతో కాదనడం చిన్న సాహసం కాదు. లెక్క తప్పితే పరిశోధకుడికి మిగిలేది నగుబాటే. కొద్ది సంవత్సరాలలోనే ఆయన తమ శిష్యుడు సూర్యనారాయణతో కలిసి పటిక తరగతికే చెందినదిగా ఎంచిన బేరియం నైట్రేట్ స్ఫటికాన్ని పరీక్షించారు. దానిని ఒక అంచు వెంట నొక్కి, రెండు పక్క ముఖాల గుండా కాంతిని పంపారు. పాకెల్స్ చెప్పినదే నిజమైతే రెండు వైపులా ఒకే ఫలితం రావాలి. ఫలితాలు వేరువేరుగా వచ్చాయి!

భీమసేనాచార్‌తో కలిసి, వజ్రాన్ని నొక్కితే ఎంత అణుగుతుందో తెలిపే సంఖ్యలను అతిధ్వని తరంగాల సాయంతో కొలిచారు. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతంపై రాసిన గ్రంథం 1948లో వెలువడింది.

ఆ తరువాత పెద్ద పదవులు వచ్చాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా, 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. ఇన్ని బాధ్యతల నడుమ కూడా స్ఫటికాలను వదలలేదు. అయస్కాంత పదార్థాలలో పరమాణువులు దిక్కు కుదుర్చుకుని నిలిచే క్రమాన్ని సైతం తమ లెక్కలోకి తెచ్చారు. స్ఫటికాల సౌష్ఠవంపై ఆయన రాసిన గ్రంథం 1966లో అచ్చయింది.

భగవంతం 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు.