నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా

శ్రీరామనవమినాడు భద్రాద్రిలో సీతారామ కల్యాణ వేళ మంగళవాద్యం మ్రోగగానే అడవిపల్లెల నుండి వచ్చిన జనం కూడా చేతులు జోడించి నిలబడతారు. ఆ నాదం వెనుక ఎన్ని సంవత్సరాల సాధన ఉండవలెనో ఆలోచించేవారు మాత్రం అరుదు. అట్టి సాధనకే జీవితాన్ని ధారపోసిన ఒక తెలుగు విద్వాంసుని చరిత్ర మన విద్యార్థులు తెలిసికొనదగినది.

షేక్ చిన మౌలానా 1924 మే 12న ఒంగోలుకు సమీపమున గల కరవది గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతంలో కొన్ని ముస్లిం కుటుంబాలకు దేవాలయాలలో నాదస్వరం వాయించుట తరతరాల వృత్తి. తండ్రి కాశిం సాహెబే తొలి గురువు. పిమ్మట చిలకలూరిపేటకు చెందిన ప్రసిద్ధ విద్వాంసుడు షేక్ ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొందారు.

నాదస్వరం పసివారికి సులభంగా లొంగే వాద్యం కాదు. వీణకు మెట్లున్నాయి, హార్మోనియానికి మీటలున్నాయి. దీనికి ఏడు స్వరరంధ్రాలు, ఒక పీక మాత్రమే ఆధారం. రంధ్రాన్ని సగం మూసి, ఊపిరిని హెచ్చించి తగ్గించి స్వరభేదాలను రాబట్టుకోవాలి. శ్రుతి రవంత తప్పినా ఆ తప్పు గుడి ప్రాకారం దాటి వినబడుతుంది! అందుచేతనే ఈ విద్యను గురువు ఎదుట కూర్చుండి, చిన్ననాటి నుండే అభ్యసించవలసి ఉంటుంది.

యువకుడుగా ఉండగానే ఆంధ్రదేశంలో ఆయనకు పేరు వచ్చింది. అంతటితో తృప్తి చెంది ఉంటే తప్పుపట్టేవారెవరూ లేరు. కాని తంజావూరు బాణీలోని విస్తారమైన రాగాలాపన, ముఖ్యంగా టి.ఎన్. రాజరత్నం పిళ్లై వాదనం, ఆయన మనస్సును ఆకర్షించింది. కచేరీలు చేస్తున్న విద్వాంసుడు మరల శిష్యుడైనాడు. నాచ్చియార్‌కోయిల్‌కు చెందిన రాజం, దురైకణ్ణు సోదరుల సన్నిధిలో, తనది కాని భాష నడుమ, ఆ బాణీని ఓపికతో నేర్చుకొన్నారు. తరువాత పొందిన బిరుదులన్నిటికంటె ఈ నిర్ణయమే గొప్పదని నాకు తోస్తుంది.

క్రమంగా శ్రీరంగంలో స్థిరపడి, ఇస్లామును ఆచరిస్తూనే రంగనాథుని ఊరిలో నాదసేవ చేశారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు ఆయనను వరించాయి.

పెండ్లిపందిళ్లలో బ్యాండుమేళాలు, రికార్డులు మేళగాండ్ర చోటును ఆక్రమిస్తున్న రోజులవి. వంశంలోనే దాగి ఉండే విద్యకు వంశంతోపాటే ముగిసిపోయే ప్రమాదం ఉంది. 1982లో ఆయన శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీతాశ్రమాన్ని స్థాపించి, యువతకు శిక్షణ ఇవ్వసాగారు. ఆయన వద్ద నేర్చినవారిలో షేక్ మహబూబ్ సుభానీ, ఆయన భార్య కాలీషాబీ ప్రసిద్ధులు. పురుషులదే అనుకొన్న వాద్యాన్ని ఒక ముస్లిం మహిళ చేపట్టి సభలను మెప్పించడం సామాన్యమైన విషయం కాదు. 2020లో ఆ దంపతులకు పద్మశ్రీ ప్రకటించారు.

1999 ఏప్రిల్ 13న చిన మౌలానా శ్రీరంగంలో కన్నుమూశారు. ఆయన వద్దనే విద్య నేర్చిన మనుమలు కాశిం, బాబు జంటగా కచేరీలు చేస్తూ ఆ బాణీని నిలబెట్టారు.