కవితకు రంగులద్దిన హొకుసాయి

జపాను చిత్రకారులలో లోకవిఖ్యాతి గాంచినవాడు కత్సుషికా హొకుసాయి. ఇతడు 1760లో, నేడు టోక్యో యని పిలువబడు ఎడో నగరమున, సామాన్య కుటుంబమునందు జన్మించెను. బాల్యమున నొక అద్దె పుస్తకముల అంగడిలో పనికి కుదిరెను. ఆ కాలమున పుస్తకములు కొనగలవారు కొందరే. అద్దెకు దెచ్చుకొని చదువువారు పెక్కురు. అంగడివారు పుస్తకములు మూటగట్టి వీపున మోసికొని యింటింటికి తిరుగుచుండిరి. ఆ పుస్తకములలోని బొమ్మలే యా బాలునకు తొలి గురువులైనవని చెప్పుదురు.

పిదప కొయ్యపలకలు చెక్కుట నేర్చి, 1778 ప్రాంతమున కత్సుకావా షున్‌షో అను చిత్రకారునికడ శిష్యుడయ్యెను. కొయ్య అచ్చుపని మిక్కిలి ఓర్పుతో గూడినది. చిత్రకారుడు పలుచని కాగితముపై గీసిన బొమ్మను చెర్రీ కొయ్యపలకపై బోరగిలనంటించి, గీతలు మాత్రము నిలుచునట్లు తక్కిన కొయ్యను తొలగింతురు. అందు మూలచిత్రము నశించును. తరువాత నొక్కొక్క రంగునకు వేరువేరు పలకలు చెక్కి, కాగితమును వరుసగా వానిపై నద్దుదురు. 1765 నుండి ఈ బహువర్ణముద్రణము ఎడోలో వ్యాపించెను. కవిమండలులవారు తమ పద్యములతో చిత్రపత్రములు అచ్చువేయించి మిత్రులకు పంచుచుండిరి. హొకుసాయి యట్టివి పెక్కు రచించి, కవితతో చిరకాల స్నేహము చేసెను.

ఆయన తన పేరును ముప్పదిసార్లకు పైగా మార్చుకొనెను. తొంబదిసార్లకు పైగా ఇల్లు మారెనందురు. డెబ్బదియేండ్ల ప్రాయమున ఫ్యూజీ పర్వతమును 46 చిత్రములలో చూపెను. ఉవ్వెత్తున లేచిన కడలికెరటపు చిత్రము వానిలోనిదే. అంతటి కీర్తి వచ్చినను, డెబ్బదియేండ్లకు ముందు తాను గీసినదేదియు లెక్కకు రాదని ఆయన 1834లో వ్రాసికొనెను.

1835 ప్రాంతమున ఆయన మరియొక మహాకార్యమునకు పూనుకొనెను. పదుమూడవ శతాబ్దిలో ఫుజివారా నో తెయికా నూర్గురు కవుల పద్యములను, కవికొక్కటి చొప్పున, కూర్చెను. జపానులో నూతన సంవత్సరమునాడు ఆ పద్యముల చీట్లతో ఆటలాడుదురు. హొకుసాయి ఆ నూరింటికిని చిత్రములు వ్రాయ సంకల్పించెను. అయితే పద్యములకు అర్థము చెప్పునది పండితుడు కాదు. పిల్లలను పెంచు ఒక దాది. అందుచేత చక్రవర్తుల పద్యములలోనికి పామరజనులు వచ్చి నిలిచిరి. తెంజీ చక్రవర్తి శరత్కాలపు పొలములోని గుడిసెను, మంచుకు తడిసిన అంగీచేతులను తలచుకొనగా, హొకుసాయి వరికోతల నాటి రైతులను చిత్రించెను. జితో మహారాణి కొండపై నారవేసిన తెల్లని వస్త్రములను వర్ణింపగా, ఆయన గుడ్డలు మోసికొని పోవు పనివారిని చూపెను.

అప్పుడు జపానును ఘోరక్షామము పీడించుచుండెను. చిత్రములు కొనువారు కరవైరి. మొదటి ప్రకాశకుడు మధ్యలో విడిచిపెట్టగా, వేరొకడు చేపట్టెను. కాని 27 చిత్రములు వెలువడుటతో ఆ పని ఆగిపోయెను. హొకుసాయి తన బొమ్మలమ్మి గ్రాసము గడుపుకొనెనందురు. అయినను అచ్చునకు నోచని మూలచిత్రములు 60కి పైగా నేటికిని నిలిచియున్నవి. పలకకెక్కియున్నచో అవి నశించెడివి. పని ఆగుటచేతనే ఆయన స్వహస్తపు గీతలు మనకు దక్కినవి. వానిలో పెక్కు అమెరికాలోని వాషింగ్టన్ నగరపు ఫ్రీర్ చిత్రశాలయందున్నవి.

1839లో అగ్నిప్రమాదము సంభవించి, ఆయన కూర్చుకొన్న చిత్రములు పెక్కు దగ్ధమైపోయెను. వృద్ధుడు మరల కుంచె చేపట్టెను. చిత్రకర్త్రియైన కుమార్తె ఓయి ఆయనకు తోడుగా నుండెను. 1849లో, 88 ఏండ్ల వయస్సున, ఆయన కన్నుమూసెను. మరియొక అయిదేండ్లు ఆయువున్నచో నిజమైన చిత్రకారుడనగుదునని తుదిఘడియలలో తలచెనని ప్రతీతి.

తరువాత ఆయన చిత్రములు ఐరోపాకు చేరి మోనే, వాన్ గో వంటివారిని ముగ్ధులను చేసినవి. పుస్తకములు కొనలేనివారి యిండ్లకు పుస్తకములు చేర్చు అంగడిలో పెరిగిన బాలుడు, రాజుల కవితను రైతుల కన్నులయెదుట నిలిపెను. విద్య యెల్లరిదియని నమ్మువారికి ఆయన జీవితము తరగని పాఠము.