మెట్లెక్కలేని దేశాధ్యక్షుడు

అమెరికా సంయుక్త రాష్ట్రములకు నాలుగు పర్యాయములు అధ్యక్షుడుగా ఎన్నుకొనబడిన ఫ్రాంక్లిన్ డెలానో రూజ్వెల్టు పేరు వినని విద్యార్థి యుండడు. ఆర్థిక మాంద్యమునందును, రెండవ ప్రపంచ యుద్ధమునందును ఆయన చేసిన కార్యములను చరిత్ర పుస్తకములలో చదువుచునే యున్నాము. కాని ఆ మహనీయుడు ఇతరుల సాయము లేక నాలుగు మెట్లెక్కజాలని వాడను సంగతి ఆ పుస్తకములలో తరచుగా ఒక్క వాక్యముతో ముగియును. ఆ వాక్యమునే ఇచ్చట కొంత విపులముగా వ్రాయదలచితిని.

రూజ్వెల్టు 1882 జనవరి 30వ తేదీన న్యూయార్కు రాష్ట్రములో హడ్సను నదీతీరమందలి హైడ్ పార్కున సంపన్న కుటుంబములో జన్మించెను. హార్వర్డులో చదివి, న్యాయవాదియై, 1905లో ఎలియనోరును వివాహమాడి, 1913 మొదలు 1920 వరకు నౌకాశాఖలో సహాయ కార్యదర్శిగా పనిచేసెను. పొడగరి, ఈతయందును, పడవ నడుపుటయందును మిక్కిలి ప్రీతి గలవాడు. 1921 ఆగస్టులో కెనడాకు చెందిన కాంపొబెల్లో ద్వీపమున వేసవి విడిదిలో నుండగా ఆయనకు జ్వరము తగిలెను. కొలది దినములలోనే కాళ్లు చచ్చుపడెను. అది శిశుపక్షవాతమని, అనగా పోలియో యని, వైద్యులు నిర్ణయించిరి. అప్పటికాయన వయస్సు 39 సంవత్సరములు.

ద్వీపమునుండి ఆయనను నగరమునకు చేర్చుటయే ఒక ప్రయాసమయ్యెను. స్ట్రెచరుపై పరుండబెట్టి, పడవలో అవతలి యొడ్డునకు దాటించి, రైలుపెట్టెలోనికి ద్వారమున గాక కిటికీగుండ చేర్చిరి. నడువలేని మనుజుడును రైలులో ప్రయాణము చేయవలసి యుండునను తలంపు ఆ పెట్టెను కట్టినవారికి కలుగలేదు కాబోలు.

మరుసటి సంవత్సరము అక్టోబరులో ఆయన న్యూయార్కులోని తన కార్యాలయమునకు తిరిగి పోయెను. తుంటి మొదలు పాదము వరకు ఉక్కు పట్టీలు బిగించుకొని, చంకకర్రల ఊతతో ఆ గొప్ప భవనములో ప్రవేశించెను. నున్నని చలువరాతి నేలపై కర్ర జారెను. ఆయన అందరి యెదుట నేలకొరిగెను. నవ్వుచునే, చుట్టుమూగినవారి సాయమడిగి లేచెను గాని, తరువాత కొంతకాలము ఆ వైపునకు పోలేదు.

ఇంటియందు మాత్రము ఆయన తన త్రోవను తానే చక్కజేసికొనెను. ఆ కాలపు చక్రాల కుర్చీలు పెద్దవి, బరువైనవి. ఇరుకు ద్వారములలో పట్టవు. కావున చేతులు లేని సాధారణపు కుర్చీకి చిన్న చక్రములు అమర్చించుకొనెను. పెట్టెలు పై అంతస్తునకు చేర్చుటకు ఇంటనున్న చిన్న లిఫ్టులో కూర్చుండి, త్రాడు తన చేతులతో లాగుకొనుచు మేడమీదికి పోవుచుండెను. కాళ్లతో త్రొక్కవలసిన మీటలన్నియు చేతికందునట్లు మార్పించి కారును స్వయముగా నడపుచుండెను. 1938లో హైడ్ పార్కున తాను కట్టింపసాగిన కుటీరమునకు గడపలే లేకుండ జేసెను. వసారానుండి నేలకు మట్టితో ఏటవాలుదారి వేయించెను.

ఆయన చేసిన వానిలో మిక్కిలి గొప్పది జార్జియా రాష్ట్రములోని వార్మ్ స్ప్రింగ్సు. అచ్చట 88 ఫారెన్‌హీట్ డిగ్రీల వెచ్చని ఊటనీరు గలదు. 1924లో మొదటిసారి పోయి, ఆ నీటిలో తన కాళ్లు తేలికగా కదలుట చూచి సంతోషించెను. సంగతి తెలిసి ఇతర రోగులును వచ్చిరి. అంటురోగమను భయముచే హోటలులోని అతిథులు వారితో కలిసి భుజింప నిరాకరించిరి. 1926లో రూజ్వెల్టు సుమారు 2,00,000 డాలరులు, అనగా తన యాస్తిలో అధిక భాగము, వెచ్చించి ఆ స్థలమంతయు కొనెను. క్రమముగా అచట మెట్లకు బదులు ఏటవాలుదారులు, చక్రాల కుర్చీ సులభముగా పోగల వెడల్పు ద్వారములు ఏర్పడెను. కుర్చీలు త్రోయుటకు యువకులను నియమించిరి. అచ్చట నడువలేనివాడు వింతవస్తువు కాడు. రోగులు వారి వైకల్యమును మరచి సభలు, నాటకములు, విందులు జరుపుకొనుచుండిరి. అయినను ఒక లోపము చెప్పక తప్పదు. అచట పనివారుగా నున్న నల్లజాతివారికి రోగులుగా ప్రవేశము లేకుండెను. వారికొరకు 1941లో టస్కీగీయందు వేరుగా ఒక చికిత్సాలయము తెరువబడెను. వాలుదారి వేసినంత మాత్రమున ద్వారము అందరికి తెరువబడదు గదా!

1924లో తన పార్టీ మహాసభలో చంకకర్రలతో వేదికవరకు నడచి ప్రసంగించి అందరిని ఆశ్చర్యపరచెను. 1928లో న్యూయార్కు గవర్నరుగను, 1932లో దేశాధ్యక్షుడుగను ఎన్నికయ్యెను. అప్పటినుండి లోకమే ఆయన కుర్చీకి అనుగుణముగా మారెను. శ్వేతభవనమున ఏటవాలు పలకలు వేసిరి. 1942లో సిద్ధపరచిన ప్రత్యేకపు రైలుపెట్టె వెనుకభాగమున లిఫ్టు అమర్చిరి. 1945 ఫిబ్రవరిలో యాల్టా సభకు ఆయన పయనించిన విమానమునకును కుర్చీతో సహా పైకెత్తు లిఫ్టుండెను. కిటికీగుండ రైలులో చేర్చబడిన మనుజునకే 24 సంవత్సరముల లోపల ఈ సౌకర్యములన్నియు అమరెను. అసాధ్యమైన పని యేదియు కాదని దీనివలన స్పష్టమగుచున్నది.

అట్లయినచో ఆయన ఇతరులకొరకు దీని నేల కోరలేదు? ఆయన ప్రభుత్వము నిరుద్యోగులకు పని కల్పించుటకై వేలకొలది పాఠశాలలు, తపాలా కార్యాలయములు, న్యాయస్థానములు కట్టించెను. వానిలో అనేకమునకు మెట్లే గతి. ఆయనయే 1939లో పునాదిరాయి వేసి, 1943 ఏప్రిలు 13వ తేదీన ప్రారంభించిన జెఫర్సను స్మారక మందిరమునకును విశాలమైన సోపానపంక్తులు గలవు. తన అశక్తతను ప్రజలు చూచినచో తనయందు విశ్వాసము సడలునని ఆయన భయము. కుర్చీలో నున్నపుడు ఛాయాపటములు తీయనీయడయ్యెను. పత్రికలవారును చాలవరకు పాటించిరి. దాచవలసినదానిని గూర్చి చట్టము చేయుటెట్లు? వోటర్లు ఆనాడెట్లు తలంచియుండెడివారో యెరిగినవాడాయన. కావున ఆయనను నిందింప నా మనసొప్పదు. అయినను అది గొప్ప అవకాశము జారిపోవుటయే.

1945 మార్చి 1వ తేదీన శాసనసభ్యుల యెదుట ఆయన మొదటిసారి కూర్చుండి ప్రసంగించెను. కాళ్లకున్న ఉక్కు బరువును పేర్కొని, అందులకు క్షమాపణ కోరెను. ఆరు వారములకు, ఏప్రిలు 12వ తేదీన, వార్మ్ స్ప్రింగ్సునందే మరణించెను. ఆయన ప్రోత్సాహమున 1938లో ఏర్పడిన పోలియో నివారణ సంస్థ కూర్చిన విరాళములతో డాక్టరు సాల్కు టీకా సిద్ధమయ్యెను. దాని విజయమును సరిగా పదియేండ్లకు, 1955 ఏప్రిలు 12వ తేదీన, ప్రకటించిరి. మెట్ల విషయము అంత త్వరగా తీరలేదు. కేంద్ర ప్రభుత్వ భవనములు వికలాంగులకు అనువుగ నుండవలెనను చట్టము 1968లోను, బస్సులకు, రైళ్లకు, దుకాణములకు గూడ వర్తించు విశాలమైన చట్టము 1990లోను వచ్చెను. అందులకు చక్రాల కుర్చీలలోనివారే వీధులలో కూర్చుండి పోరాడవలసివచ్చెను.

1997లో వాషింగ్టనునందు రూజ్వెల్టునకు విశాలమైన స్మారకము నిర్మించినపుడును ఆయన కుర్చీని అంగీ మడతలలోనే దాచిరి. వికలాంగులు ఆక్షేపించి, విరాళములు కూర్చి, 2001 జనవరిలో ప్రవేశస్థానమునందు మరియొక విగ్రహమును నెలకొల్పజేసిరి. అందు ఆయన తన చిన్న కుర్చీలో కూర్చుండియున్నాడు. ఎత్తైన పీఠము లేదు. చక్రాల కుర్చీలో వచ్చిన బాలుడు చేయి చాచి ఆయన మోకాలిని ముట్టవచ్చును.