ఎడ్వర్డ్ గ్రే

ఎడ్వర్డ్ గ్రే (ఏప్రిల్ 25, 1862 - సెప్టెంబర్ 7, 1933) బ్రిటిష్ రాజకీయ నాయకుడు, పక్షుల పరిశీలకుడు, రచయిత. 1905 డిసెంబరు నుండి 1916 డిసెంబరు వరకు బ్రిటన్ విదేశాంగ మంత్రిగా పనిచేశాడు. ఆ పదవిలో ఎడతెగకుండా అంతకాలం ఉన్నవారు మరొకరు లేరు. మొదటి ప్రపంచయుద్ధం ఈయన హయాంలోనే ఆరంభమైనందున చరిత్ర గ్రంథాలలో ఈయన పేరు ఎక్కువగా ఆ సందర్భంలోనే కనిపిస్తుంది.

బాల్యము, విద్య

గ్రే లండన్‌లో జన్మించి, ఇంగ్లాండు ఉత్తరాన నార్తంబర్లాండ్‌లోని ఫాలోడన్ అనే వంశపారంపర్యపు ఎస్టేటులో పెరిగాడు. చదువును అశ్రద్ధ చేసినందుకు 1884లో ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాల ఇతనిని పంపివేసింది. తిరిగి వచ్చి పరీక్ష రాసి న్యాయశాస్త్రంలో మూడవ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. 1928లో అదే విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్ కావడం విశేషం. 1885లో డోరతీ విడ్రింగ్టన్‌ను వివాహమాడాడు. అదే సంవత్సరం పార్లమెంటుకు ఎన్నికయ్యాడు.

ఇచెన్ ఒడ్డున

దంపతులిద్దరికీ నగర జీవితం రుచించేది కాదు. 1890లో హాంప్‌షైర్‌లోని ఇచెన్ నది ఒడ్డున ఒక చిన్న కుటీరం కట్టించుకొని, వారాంతాలలో అక్కడ గడిపేవారు. చేపలు పట్టడం, పక్షులను గమనించడం, చూసినవి ఒక పుస్తకంలో వంతులవారీగా రాసుకోవడం అక్కడి వ్యాపకాలు. గ్రే మంత్రి అయిన రెండు నెలలకే, 1906 ఫిబ్రవరిలో, డోరతీ గుర్రపు బండి నుండి కిందపడి మరణించింది. ఆ పుస్తకాన్ని గ్రే 1909లో సన్నిహితుల కొరకు అచ్చువేయించాడు.

రూజ్వెల్ట్‌తో ఒకరోజు

అమెరికా అధ్యక్షుడు థియోడార్ రూజ్వెల్ట్ పదవి విడిచే ముందే, తాను ఇంగ్లాండు వచ్చినప్పుడు అక్కడి పక్షుల పాటలు వినిపించగల తోడు కావాలని కబురు పంపాడు. ఇంగ్లీషు పక్షుల గురించి పుస్తకాలలో ఎంతో చదివినా, వాటి గొంతులు ఆయన ఎరుగడు. ఆ పని గ్రే తీసుకున్నాడు. 1910 జూన్ 9న ఇద్దరూ పత్రికలవారికి తెలియకుండా బయలుదేరి ఇచెన్ లోయలో నడిచారు. ఒకచోట దారి నీట మునిగి ఉండగా, నీళ్ళలోనే నడిచి దాటారు. పిదప మోటారు కారులో న్యూఫారెస్టు అడవికి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ నడిచి, బ్రాకెన్‌హర్స్ట్‌లోని ఒక సత్రంలో ఆ రాత్రి బస చేశారు. మర్నాడు రూజ్వెల్ట్ స్వదేశానికి ఓడ ఎక్కాడు.

ఆ రోజు వారు నలభైకి పైగా జాతుల పక్షులను గుర్తించారు. కూత వినబడగానే గ్రే పేరు చెప్పేవాడు. పేరు వింటే చాలు, ఆ పక్షి రూపురేఖలు, అలవాట్లు రూజ్వెల్ట్‌కు తెలిసిపోయేవి. బ్లాక్‌బర్డ్ పాట ఆయనను బాగా ఆకట్టుకుంది. అడవిలో గోల్డ్‌క్రెస్ట్ అనే చిన్న పిట్ట పాట విని, అమెరికాలో కూడా సరిగ్గా ఇటువంటి పాట పాడే పిట్ట ఉన్నదని రూజ్వెల్ట్ అన్నాడు. తరువాత గ్రే లండన్‌లో ఒక పక్షి నిపుణుని అడుగగా, అది నిజమేనని తేలింది. రూజ్వెల్ట్‌కు చిన్ననాటి నుండి చూపు మందం. అధ్యక్షునిగా ఉండగా బాక్సింగ్ దెబ్బ తగిలి ఎడమ కన్ను పోయింది. పక్షులను చెవితో పోల్చుకోవడంలో ఆయన దిట్ట.

యుద్ధము, చూపు

1914 వేసవిలో యుద్ధాన్ని ఆపడానికి గ్రే చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. బ్రిటన్ వైఖరిని జర్మనీకి ముందుగా స్పష్టం చేసి ఉండవలసినదనే విమర్శ ఉంది. అలా చేసినా యుద్ధం ఆగేదని చెప్పలేము. ఆ రోజులలోనే గ్రే చూపు క్షీణించడం మొదలై, క్రమంగా చదవడం కష్టమైంది. 1917లో ఫాలోడన్ భవనం, 1923లో ఇచెన్ కుటీరం అగ్నికి ఆహుతయ్యాయి.

1919లో ప్రత్యేక రాయబారిగా అమెరికా వెళ్ళేనాటికి రూజ్వెల్ట్ మరణించి కొన్ని నెలలయింది. ఆ డిసెంబరులో హార్వర్డు విశ్వవిద్యాలయంలో వినోద కాలక్షేపాలపై ఉపన్యసిస్తూ 1910 నాటి నడకను గ్రే సభికులకు వివరంగా చెప్పాడు.

1922లో పమేలా గ్లెన్‌కానర్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె 1928లో మరణించింది. 1927లో వెలువడిన ఈయన గ్రంథం 'ది చార్మ్ ఆఫ్ బర్డ్స్'లో అధికభాగం పక్షుల పాటల గురించే. చూపు తగ్గినా చెవి తగ్గలేదు కనుక అది సాధ్యమైంది. ఫాలోడన్ కొలనులో బాతులను తానే మేపేవాడు. రాబిన్ పిట్టలు వచ్చి ఈయన చేతిలోని పురుగులను తినేవి. 1933లో ఫాలోడన్‌లోనే మరణించాడు. ఈయన స్మృత్యర్థం 1938లో ఆక్స్‌ఫర్డులో పక్షిశాస్త్ర పరిశోధన సంస్థ ఒకటి ఈయన పేరిట ఏర్పడింది.